‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ – ఈవిడ విషయంలో కుదురుతుందా?

ప్రశ్న: నార్వే నుంచి టెక్సస్‌కు వలస వెళ్ళిన ఎలీసె వారెన్‌షోల్డ్ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ఇల్లు, పిల్లలు, చుట్టూ ఉన్నవాళ్ళ మంచిచెడ్డలు... ఇదీ ఆవిడ జీవితం. ‘ఇంట గెలిచి రచ్చ గెలిచిన ఇల్లాలు’ అని హెడ్డింగ్ పెడితే మా ఇంట్లోనే పెదవి విరిచారు. తప్పేముంది? లేదంటే ‘కుటుంబానికి, సమాజానికి అంకితం’ అనేదే గతి.

— ఆ రెండోది మాత్రం వద్దండీ. సంతాప సభల్లో పోయిన ప్రతివాళ్ళకీ అదే చదువుతున్నారు. ఇక సామెత సంగతి. మీవాళ్ళు పెదవి విరవడంలో న్యాయం ఉంది. రచ్చ అంటే ఊళ్ళో నలుగురూ కూడే చోటు. రచ్చబండలో మిగిలింది ఆ అర్థమే. ఇప్పటి పిల్లలకు రచ్చ అనగానే గోల గుర్తొస్తుంది, అది వేరే గొడవ. సామెత చెప్పేది వరస: ముందు ఇల్లు, తర్వాత ఊరు. ఎలీసె విషయంలో ఆ వరస తిరగబడింది.

పాస్టరు గారి అమ్మాయి, 1815లో డిప్‌వోగ్‌లో పుట్టింది. 1839లో స్వెన్ ఫోయిన్‌ను పెళ్ళాడింది. తర్వాతి రోజుల్లో తిమింగలాల వేటతో కోట్లకు పడగలెత్తినాయన. పొసగక 1842లో విడిపోయారు. మరుసటి ఏడే సారా తాగుడుకు వ్యతిరేకంగా చిన్న పుస్తకం అచ్చువేసింది. మొగుణ్ణి వదిలిన ఆడది ఆ రోజుల్లో ఊరికి నీతి చెప్పడమంటే ఎంత గుండె కావాలి! ఆ తర్వాత వలస వెళ్ళేవాళ్ళ కోసం నడిచిన ‘నార్వే, అమెరికా’ పత్రికకు సంపాదకత్వం. 1847లో టెక్సస్, మరుసటి ఏడు విల్హెల్మ్ వారెన్‌షోల్డ్‌తో రెండో పెళ్ళి. అంటే రచ్చలో నిలబడ్డాకే ఇల్లు కట్టుకుంది.

గెలుపు అన్న మాటా నాకు నచ్చలేదు. 1866లో ఒక్క ఏడాదిలోనే చిన్న కొడుకు పోయాడు, భర్త హత్యకు గురయ్యాడు. ఆపైన పశువులు పెంచింది, బడి చెప్పింది, పత్రికలకు చందాలు కట్టించింది, పుస్తకాలు, తోట విత్తనాలు అమ్మింది. అలా మిగిలిన ఇద్దరు కొడుకులతో నెట్టుకొచ్చింది. దీన్ని గెలుపంటే ఆ కష్టం మీద శాలువా కప్పినట్టుంటుంది.

— మాస్టారూ, ప్రశ్న నాది కాదు గానీ, తేదీలు వేసి సామెతను కొలుస్తారా? ఇంట గెలవడమంటే సొంతవాళ్ళు మెచ్చడం. టెక్సస్ పనికిమాలిన చోటని ఒక ఫ్రెంచి కెప్టెన్ రాసిన ఉత్తరాలు నార్వే పత్రికలో వస్తే, నిజమేమిటో చెప్పమని అక్కడివాళ్ళు ఈవిడనే అడిగారు. 1852లో జవాబు రాసింది. ఇంట గెలవనిదే అడుగుతారా?

— మంచి పాయింటు. కానీ అది గెలుపు కాదమ్మా, గురి. ఆవిడ మాట మీద వాళ్ళకు గురి కుదిరింది. అలాంటి మనిషిని మనం ‘పెద్దదిక్కు’ అంటాం. దిక్కులో ఆసరా అన్న అర్థం ఎలాగూ ఉంది: ‘నువ్వే దిక్కు’, ‘దిక్కూమొక్కూ లేదు’. ఈ మాట ఇంటికీ ఊరికీ కూడా చెల్లుతుంది. మగవాళ్ళకే అని రాసిపెట్టి లేదు. ‘ఆ ఇంటికి నాయనమ్మే పెద్దదిక్కు’ అనడం అందరం వింటూనే ఉంటాం.

— ప్రశ్న అడిగింది నేనే. పెద్దదిక్కు ఖాయం చేశాను. ఇంకో చిక్కు: ‘కమ్యూనిటీ’ అనాల్సిన చోటల్లా ‘నార్వే సామాజిక వర్గం’ అని రాసుకొచ్చాను. ఫరవాలేదా?

— అయ్యో, కొట్టేయండి! మన పేపర్లలో సామాజిక వర్గం అంటే కులమే. ఎన్నికల టికెట్ల వార్త చదివినట్టుంటుంది. టెక్సస్‌లో ఉంటూ బానిసత్వం తప్పని రాసిన మనిషిని కులంలో కలిపేస్తారా? ‘అక్కడి నార్వేవాళ్ళు’ అంటే చాలు. హెడ్డింగ్‌లో ఊరి పేరు కూడా వేయండి: ‘ఫోర్ మైల్ ప్రైరీ పెద్దదిక్కు’. పోయింది 1895లో హామిల్టన్‌లోనే అయినా, సంసారం చేసిన ఊరు అదే కదా.