కొత్త ఇంటికి వీధి అరుగు కట్టించాలనుంది, సలహా చెప్పండి

పల్నాడులో మా పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కడుతున్నాం. పాత ఇంటి గుమ్మానికి అటూ ఇటూ నాపరాళ్లు పరిచిన అరుగులుండేవి. పొద్దున పేపరు చదివేది అక్కడే, మధ్యాహ్నం ఆడవాళ్లు చింతపండు గింజలు తీసేది అక్కడే, కూలీలకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేదీ అక్కడే. అయితే ఎవరు అరుగు మీద కూర్చోవాలి, ఎవరు కింద నిలబడాలి అన్నది కులాన్ని బట్టే ఉండేది. అది మాత్రం మళ్లీ రాకూడదు.

ఇప్పుడు సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగింది. మిగిలిన అరుగులు సగం పూడిపోయాయి. కొత్త ఇళ్లన్నిటికీ ప్రహరీ, ఇనుప గేటు. సాయంత్రం ముసలివాళ్లు కూర్చోడానికి రామాలయం మెట్ల దాకా పోతున్నారు.

మేస్త్రీ రోడ్డు అంచుదాకా ప్రహరీ లేపుదామంటాడు. తమ్ముడికేమో బైకు పెట్టుకునే చోటు కావాలి. నేను ప్రహరీని నాలుగడుగులు లోపలికి జరిపి, బయట మా స్థలంలోనే అరుగు వేద్దామనుకుంటున్నా. ఈమధ్య ఇలా కట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తేలిగ్గా లేవాలంటే ఎంత ఎత్తు ఉండాలి? రోడ్డు ఇంకా పెరుగుతుందని ముందే ఎత్తుగా కట్టి, ఒక మెట్టు పెట్టడం మంచిదా? నాపరాయి ఎండకు కాలిపోతుంది కదా, పైన రేకు వేయాలా, వేపచెట్టు నీడ సరిపోతుందా? రాత్రిళ్లు తాగేవాళ్లు చేరతారని అమ్మకు ఒకటే టెన్షన్. మీకు ఆ ఇబ్బంది వచ్చిందా, వస్తే ఎలా ఆపారు?