పైథాన్ ఆర్గ్‌పార్స్‌లో ఇన్‌పుట్ లిస్టు చివరి ఆర్గ్యుమెంట్‌ను కూడా మింగేస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. కొన్ని టెక్స్ట్ ఫైళ్లను కలిపి ఒకే ఫైలుగా చేసే చిన్న పైథాన్ స్క్రిప్టు రాస్తున్నాను. కమాండ్‌లో ఇచ్చినవాటిని చదవడానికి పైథాన్‌లోని ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ వాడుతున్నాను. ఇన్‌పుట్ ఫైళ్ల కోసం ఒక ఆప్షన్ పెట్టి, ఎన్నైనా ఇవ్వొచ్చు కదా అని దాని ఎన్‌ఆర్గ్స్‌కు (ఎన్ని విలువలు తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) ప్లస్ గుర్తు ఇచ్చాను. అవుట్‌పుట్ ఫైలు పేరు మాత్రం ఆప్షన్ కాదు, మామూలు పొజిషనల్ ఆర్గ్యుమెంట్, అంటే ముందు ఆప్షన్ పేరు లేకుండా నేరుగా ఇచ్చేది. ఇప్పుడు కమాండ్‌లో ఆప్షన్, దాని వెనక మూడు ఫైళ్లు, చివర అవుట్‌పుట్ పేరు ఇస్తే నాలుగూ ఇన్‌పుట్ లిస్టులోకే పోతున్నాయి, పైగా అవుట్‌పుట్ ఇవ్వలేదని నా మీదే ఎర్రర్!

అవుట్‌పుట్ పేరు ముందు రాస్తే బాగానే నడుస్తోంది. దాని ముందు విడిగా రెండు డ్యాష్‌లు పెట్టినా నడుస్తోంది, కానీ ఈ స్క్రిప్టు వాడేది నేనొక్కడినే కాదు, ఆ డ్యాష్‌ల సంగతి అందరికీ గుర్తుండాలంటే కష్టం. ఎన్‌ఆర్గ్స్ తీసేసి యాక్షన్ అపెండ్ పెడితే ప్రతి ఫైలు ముందూ ఆప్షన్ మళ్లీ టైప్ చేయాలి, అది ఇంకో విసుగు. అవుట్‌పుట్‌నే ఆప్షన్‌గా మార్చి రిక్వైర్డ్ ట్రూ పెడదామా అనుకుంటున్నాను, కానీ తప్పనిసరిగా ఇవ్వాల్సినదాన్ని ఆప్షన్ అనడం ఎందుకో మింగుడు పడట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఇంకో డౌట్. టైప్ బూల్ అని పెట్టిన ఆప్షన్‌కు ఫాల్స్ అని రాసినా ట్రూ వస్తోంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా బూల్‌కు ట్రూయేనని ఒక పూటంతా పోయాక అర్థమైంది. ఒకే ఆప్షన్‌కు అవును, కాదు అనే రెండు రూపాలూ ఇచ్చే బూలియన్ఆప్షనల్‌యాక్షన్ పైథాన్ 3.9 నుంచే ఉంది, మా సర్వర్‌లో ఉన్నది 3.8. స్టోర్ ట్రూకి ఒకటి, స్టోర్ ఫాల్స్‌కి ఒకటి అని రెండు ఆప్షన్లు పెట్టడం తప్ప దారి లేదా?