ఎండాకాలం సెలవుల్లో చిన్నపిల్లలతో ఇంట్లో ఏం చేయిస్తున్నారు?

నల్లగొండ అమ్మ:
మాది నల్లగొండ టౌన్, అద్దె ఇల్లు, రెండో అంతస్తు. పెద్దదానికి నాలుగున్నరేళ్లు, చిన్నోడికి రెండు దాటాయి. పొద్దున పదింటికే కిటికీ దగ్గర నిలబడలేని ఎండ. సాయంత్రం ఆరు దాకా బయటికి పంపే మాటే లేదు. మధ్యలో ఎనిమిది గంటలూ ఫోనే. మొన్న 450 రూపాయలు పెట్టి రంగుల కిట్ తెచ్చాను. పది నిమిషాలు ఆడారు. అది వచ్చిన అట్టడబ్బాతో మాత్రం మూడు రోజులు ఆడారు. ఇంట్లో ఉన్నవాటితో మీరేం చేయిస్తున్నారో చెప్పండి. నెట్‌లో చూస్తే ఓవెన్ ఉండాలంటున్నారు, మాకు లేదు.

పాలమూరు రొట్టె:
ఓవెన్ ఎందుకండీ, పెంక ఉంది కదా. నేను రాత్రి జొన్నరొట్టెలు చేసేటప్పుడు మా వాడికి నిమ్మకాయంత పిండిముద్ద ఇస్తాను. వాడికి ఐదేళ్లు. జొన్నపిండి గోధుమపిండిలా సాగదు, అంచులు పగులుతాయి. అందుకే మసిలే నీళ్లు పోసి నేనే కలిపి, గోరువెచ్చగా అయ్యాక ఇస్తాను. పీట మీద పొడిపిండి చల్లుకుని అరచేత్తో తట్టుకుంటూ తిప్పాలి. వాడు తట్టడం వరకే నేర్చాడు, తిప్పడం మర్చిపోతాడు. మొదటి వారం ఒక్కటీ గుండ్రంగా రాలేదు. ఒకటి అచ్చం చెప్పులా వస్తే "ఇది నాన్నకి" అన్నాడు. పాపం ఆయన తిన్నారు. పెంక మీద వేయడం, పైన తడి అద్దడం నా పనే.

చపాతీలు మిగిలితే పొద్దున ఇంకో ఆట. ముక్కలు తుంచి, బెల్లం తురుము, చెంచాడు నెయ్యి వేసి పిసకమంటాను. మలీద ముద్దలు, సద్దుల బతుకమ్మకు చేసుకునేవే. సగం ముద్ద చేతికే అంటుకుంటుంది, నాకేస్తాడు. అరగంట నిశ్శబ్దం గ్యారంటీ.

దేవరకొండ తాత:
ముంజలు తిన్నాక కాయల్ని పారేస్తున్నారా? ఒకే సైజువి రెండు ఏరి, మధ్యలో పుల్ల గుచ్చితే ఇరుసు, చక్రాలు తయారు. పంగల కర్ర ఒకటి తెచ్చి ఆ పంగను ఇరుసు మీద ఆనించి తోస్తే బండి. నా మనవడు హైదరాబాద్ నుంచి రిమోట్ కారు తెచ్చుకున్నాడు. రెండో రోజుకు దాని బ్యాటరీ అయిపోయింది, ఇది వారం నడిచింది. తర్వాత ఎండి ముడుచుకుపోతుంది, కొత్తది చేసుకోవడమే. పుల్ల చెక్కడం పెద్దవాళ్లు చేయాలి. రెండో అంతస్తులో మాత్రం వద్దమ్మా, కిందింటివాళ్లు పైకొస్తారు. సాయంత్రం వీధిలోకి తీసుకెళ్లు.

గద్వాల కోడలు:
మా వైపు జ్యేష్ఠ మాసం అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తాం. పిల్లలకు ఆ పండగ దాకా ఆగాల్సిన పనేముంది? బంకమట్టి దొరక్కపోతే రెండు గ్లాసుల మైదాకు ఒక గ్లాసు ఉప్పు, ముద్దయ్యేన్ని నీళ్లు. కళ్లకు ఆవాలు, కొమ్ములకు లవంగాలు. మా పాప ఎద్దుకు ఆరు కాళ్లు పెట్టింది. ఎందుకంటే "పడిపోకుండా" అంది. మీ చిన్నోడు నోట్లో పెట్టుకునే రకమైతే మాత్రం ఇది వద్దు, అందులో ఉప్పు చాలా ఎక్కువ. చపాతీ పిండే ఇవ్వండి.

హాలియా బాధితురాలు:
గింజలతో ఆడించేవాళ్లకు నా అనుభవం. కందులు, పెసలు, బియ్యం ఇచ్చి ముగ్గు మీద అతికించమన్నాను. నెమలి బొమ్మ, భలే వస్తోంది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి మూడేళ్ల వాడు ముక్కు నలుపుకుంటూ కూర్చున్నాడు. లోపల కందిగింజ. వేలు పెట్టి తీయబోయాను, ఇంకా లోపలికి పోయింది. తడికి గింజ ఉబ్బుతుందట. ఆస్పత్రిలో డాక్టర్ కొక్కెంలాంటి దాంతో క్షణంలో తీశారు, నన్ను తిట్టడానికి మాత్రం పది నిమిషాలు తీసుకున్నారు. మీరు తీయాలని చూడకండి, నేరుగా తీసుకెళ్లండి.

పాలమూరు రొట్టె:
అయ్యో. ఇంకోటి అక్కా, ఎర్రగా ముద్దుగా ఉన్నాయని గురిగింజలు అసలు ఇవ్వొద్దు. నమిలితే విషం. నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు కూడా గింజగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి కొట్టి ముద్దల్లో కలపండి.

మిర్యాలగూడ అక్క:
మాకు పండగ వరకూ ఆగే ఓపిక లేదు, మే నెలలోనే వేపకాయలు చేస్తాం. అదే, ఏడో రోజు వేపకాయల బతుకమ్మకు చేసేవి. బియ్యప్పిండి, ఉప్పు, కొంచెం వాము, వేడినీళ్లు. గుప్పెట్లో నలిపితే వేపపండు ఆకారం. మా ఇద్దరూ లెక్కపెడుతూ చేస్తారు, ఇరవై దాటితే మళ్లీ ఒకటి. వేయించేటప్పుడు పిల్లలు వంటింట్లో ఉండకూడదు, లోపల తడి ఉండిపోతే నూనెలో టప్పున పేలతాయి. పోయినేడాది నా మోచేతి మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. పిండి జల్లించి, సన్నగా చేసి, సన్నని మంట మీద వేయించండి.

నాగర్‌కర్నూల్ టీచర్:
వంట కాకుండా ఒకటి. అరచెంచా పసుపు నీళ్లలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరనివ్వండి. బట్టల సబ్బు నీళ్లలో దూదిపుల్ల ముంచి గీయమనండి, గీసినచోటల్లా ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపుకు సున్నం తగిలి జరిగేది కూడా ఇదే. నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. పిల్లలకు సున్నం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం. సబ్బు చాలు, షాంపూతో సరిగ్గా రాదు.

నల్లగొండ అమ్మ:
అందరికీ థ్యాంక్స్. పెద్దది మలీద చేసింది, రెండు ముద్దలు తింది కూడా. టీచర్ గారూ, మీ పసుపు కాగితం కూడా చేశాం. మస్తు కుదిరింది. పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లాను, అంతే. చిన్నోడు పసుపు గిన్నెలో చేతులు ముంచి హాల్ గోడకు కొట్టాడు, ఐదుసార్లు. కంగారులో బట్టల సబ్బు నీళ్లతో తుడిచాను. ఐదూ ఎర్రగా అయ్యాయి. వెనక పెద్దది చప్పట్లు కొడుతూ "అమ్మా, ఇంకోటి తుడువు" అంటోంది.

నాగర్‌కర్నూల్ టీచర్:
అయ్యయ్యో. పసుపు మరక ఎండ తగిలితే వెలిసిపోతుందండీ. ఆ గోడకు ఎండ వస్తుందా?

నల్లగొండ అమ్మ:
రాదు. నిమ్మకాయ రుద్దితే మళ్లీ పసుపయ్యాయి. ఓనర్ గారు ఆదివారం కిరాయికి వస్తారు. ప్రస్తుతానికి క్యాలెండర్ తగిలించాను, నా మోకాలి ఎత్తులో.