మూడణాల స్టాంపు మీద ఉన్నది సాంచియా, అమరావతియా? కవరు నుంచి తీయవచ్చా?

కృష్ణాతీరం:
తాతయ్య ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక రిజిస్టర్డ్ కవరు దొరికింది. తెనాలి పోస్టాఫీసు ముద్ర, 1953. మిగతా స్టాంపుల పక్కన మూడణాలది ఒకటి, దాని మీద స్తూపం, దాని ముందు ఎత్తైన తోరణం (రాతి ద్వారం) ఉన్నాయి. మా అత్తయ్య అమరావతి అంటోంది, నాకేమో సాంచి అనిపిస్తోంది. మా అబ్బాయి దాన్ని నీళ్లలో నానబెట్టి తీసి ఆల్బంలో పెడతానంటున్నాడు. కవరు అంచులు ఇప్పటికే రాలిపోతున్నాయి, అదొక టెన్షన్. ఏం చేయమంటారు?

తపాలాప్రియ:
దయచేసి నానబెట్టకండి! అది సాంచే, తూర్పు తోరణం. 1949 ఆగస్టు 15న వచ్చిన వరుసలోది. స్వాతంత్ర్యం వచ్చాక రోజువారీ వాడకానికి మన దేశం వేసిన మొదటి వరుస అదే. కోణార్క గుర్రం, నటరాజు, తాజ్‌మహల్ అందులోవే. మూడున్నర అణాల మీద బుద్ధగయ గుడి ఉంటుంది. విడి స్టాంపులు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. తెనాలి ముద్ర, తేదీ, మీ తాతయ్య చేతిరాత ఉన్న కవరు మాత్రం ఇంకెక్కడా దొరకదు. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఆమ్లం లేని కాగితం మడతలో పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి.

ధాన్యకటకం:
మీ అత్తయ్యగారు అలా అనుకోవడం సహజమే, మాది కూడా అమరావతి వైపే. కానీ గుర్తుపట్టడం సులువు. అమరావతి స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు ఉండేవి. సాంచిలోలాగా మూడు అడ్డదూలాల రాతి తోరణాలు అక్కడ లేవు. మన స్తూపం రూపం ఇప్పుడు చూడాలంటే అక్కడి పలకల మీద చెక్కిన చిన్న స్తూపాల బొమ్మల్లోనే చూడాలి. ఆ పలకల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్‌లో ఉన్నాయి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

భోపాల్ బాబాయి:
ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు భోపాల్‌లో ఉన్నాను. సాంచి అక్కడికి 46 కిలోమీటర్లే కాబట్టి, ఇంటికి ఎవరొచ్చినా తీసుకెళ్లేవాణ్ణి. స్టాంపులో సన్నని గీతల్లా ఉన్న ఆ తూర్పు తోరణం ముందు నిలబడి మధ్య దూలం చూడండి. సిద్ధార్థుడు ఇల్లు వదిలి వెళ్తున్న ఘట్టం అది. ఎడమవైపు నగర ద్వారం నుంచి గుర్రం బయటికొస్తుంది. అదే గుర్రాన్ని మళ్లీ మళ్లీ చెక్కుతూ కుడివైపుకు నడిపించారు. పైన గొడుగు పట్టారు, జీను మీద మాత్రం మనిషి లేడు. చివర రెండు పాదముద్రలు, వాటికీ గొడుగే. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా కథంతా చెప్పేశారు. అక్కడికి వెళ్లినవాళ్లు ఫొటో దిగి ముందుకు సాగిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఒక్క దూలం ముందు అరగంట నిలబడండి.

మనవాళ్లు తప్పకుండా చూడాల్సింది ఇంకోటి, దక్షిణ తోరణం. పై దూలం మధ్యలో చిన్న స్తూపం చెక్కి, దాని మీద పాతకాలపు బ్రాహ్మీ లిపిలో శాసనం రాశారు. శ్రీ శాతకర్ణి రాజు దగ్గరి శిల్పుల పెద్ద, వాసిష్ఠీపుత్రుడు ఆనందుడు ఇచ్చిన దానం అని. సాతవాహనుల కాలపు శిల్పి పేరు రెండు వేల ఏళ్లుగా అక్కడ నిలిచి ఉంది! అదే తోరణం మీద దగ్గర్లోని విదిశ ఊరి దంతపు పనివాళ్ల శాసనమూ ఉంది. దంతం చెక్కే చేతులు కాబట్టే రాతిలో అంత నగిషీ వచ్చిందని నా నమ్మకం.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలండీ. కవరు ముట్టుకోవడం లేదు. అబ్బాయికి విడి స్టాంపు ఒకటి కొనిస్తాను. బాబాయిగారూ, సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. ఆ దూలం మీద చెక్కడం బాగా కనిపించాలంటే ఏ వేళకు వెళ్లాలి?

భోపాల్ బాబాయి:
పొద్దున్నే వెళ్లండమ్మా, తూర్పు ముఖం కాబట్టి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి, పై దూలాలు బాగా ఎత్తు. రాత్రి భోపాల్‌లో ఉండి తెల్లవారుజామున బయల్దేరితే సరిపోతుంది.