సమస్యాపూరణం: మంచు కురిసి మేను మరిగిపోయె

నిర్వాహకుడు (మినియాపొలిస్)

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి:

మంచు కురిసి మేను మరిగిపోయె

మా ఊళ్లో వారం మొదట్లో పట్టుకున్న మంచు ఇంకా తెరిపి ఇవ్వలేదు. ఇంట్లో పిల్లలతో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరం ఫ్లూతో మంచమెక్కాం, ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నాం. సమస్య అలా పుట్టింది. పూరణ మాత్రం అక్కడే ఆగిపోకూడదని నా కోరిక. 'మంచు కురిసింది, జ్వరం వచ్చింది' అంటే రెండు సంగతులు పక్కపక్కన పెట్టినట్టే అవుతుంది. 'కురిసి' అన్నాం కాబట్టి ఆ మంచుకీ ఈ మరగడానికీ లంకె కుదరాలి. ఎవరు ఎంత గట్టిగా ఆ లంకె వేస్తారో చూస్తాను.

కొత్తగా చేరినవారి కోసం: గణమంటే లఘువు, గురువుల (పొట్టి, పొడుగు అక్షరాల) గుంపు. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. మొదటి గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి. ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం) వేసినా సరే.

విజయవాడ నుంచి తెలుగు మాస్టారు

ముందుగా సమస్య మీదే ఒక ప్రశ్న. కురిసింది మంచు, మరిగింది మేను. కర్తలు వేరైనప్పుడు 'కురిసి' అనే క్త్వార్థకం (ఒకే కర్త ముందు చేసిన పనిని చెప్పే అసమాపక క్రియ) ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు

మంచి ప్రశ్న, మాస్టారూ. 'వానలు కురిసి పంటలు పండాయి' అంటాం కదా. మొదటిది రెండోదానికి కారణమైనప్పుడు కర్తలు వేరైనా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. నేను లంకె కావాలని అడుగుతున్నదీ అందుకే. కారణం కుదిరితే ఆ ప్రయోగం నిలబడుతుంది, లేకపోతే మీరన్న దోషం బయటపడుతుంది.

షాంబర్గ్ (చికాగో దగ్గర) నుంచి

తెల్లవారె, బైట తెల్లగా నేలంత
దుప్పటులను కప్పి తూలి పడితి
జ్వరము నూట రెండు, చలి మాత్ర మాగదు
మంచు కురిసి మేను మరిగిపోయె

విజయవాడ నుంచి తెలుగు మాస్టారు

నడక బాగుంది. 'దుప్పటులను' తర్వాత సరళాదేశం రావాలి, అంటే 'క' 'గ' కావాలి: 'దుప్పటులను గప్పి'. 'తూలి పడితి' మాత్రం యతి కోసం వచ్చి కూర్చున్న మాట. దుప్పట్లు కప్పుకుని పడుకున్న మనిషి తూలిపడడమేమిటి? 'దుప్పటులను గప్పి తొంగియుంటి' అనండి. దు, తొ అక్షరాలకు యతి చెల్లుతుంది, మనిషీ మంచం మీదే ఉంటాడు.

నోవై (మిషిగన్) నుంచి డాక్టరు

మూడో పాదం అచ్చంగా నిజం. జ్వరం ఎక్కేటప్పుడు మెదడు ఒంటి వేడి ఎంత ఉండాలో ఆ హద్దును పైకి జరుపుతుంది. అప్పటికి ఉన్న వేడి తక్కువైనట్టు అనిపించి చలి పుడుతుంది, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. జ్వరం దిగేటప్పుడు హద్దు కిందికి వస్తుంది, చెమట పడుతుంది. నూట రెండు దగ్గర వణికేవాడు పాపం నిజంగానే చలితో బాధపడుతున్నాడు.

నిర్వాహకుడు గారు అడిగిన లంకె గురించి కూడా ఒక మాట. ఫ్లూ తెచ్చేది వైరస్సే, మంచు కాదు. అయితే మంచు పడేటప్పుడు అందరం తలుపులు బిడాయించుకుని ఒకే గదిలో ఉంటాం, ఫర్నేసు గాలి పొడిబారి ఉంటుంది. పొడిగాలిలో ఫ్లూ ఒకరి నుంచి ఒకరికి ఇంకా సులువుగా పాకుతుంది. కాబట్టి 'కురిసి' అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది.

ఎడిసన్ (న్యూజెర్సీ) నుంచి

2016 జనవరి మంచు తుఫాను ఇక్కడివాళ్లెవరూ మరచిపోరు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోనే 27.5 అంగుళాలు పడింది. అప్పుడు నేను ఫ్లూతో మంచం దిగలేని స్థితి. మా డ్రైవ్‌వే అంతా పక్కింటి పెద్దాయన ఒక్కడే శుభ్రం చేశాడు. కిటికీలోంచి చూస్తుంటే ఆయన కోటు విప్పి రెయిలింగు మీద వేశాడు, చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయి ఉంది. ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది.

పార చేతబట్టి పక్కింటి పెద్దయ్య
మాకు దారి చేసె మంచు తోడి
చలికి మొద్దులైన చేతులు చెమరింప
మంచు కురిసి మేను మరిగిపోయె

నిర్వాహకుడు

ఇదీ నేను కోరిన లంకె! మంచు కురిసింది కనుక పార పట్టాడు, పార పట్టాడు కనుక ఒళ్లు మరిగింది. మధ్యలో జ్వరం ఊసే లేదు, పైగా జ్వరం పడినవాడి ఇల్లు గట్టెక్కింది.

మూడో పాదంలో యతి తప్పింది. 'చ'లో ఉన్నది అకారం, 'చే'లో ఏకారం. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఋ, ఎ, ఏ ఇంకో జట్టు. ఉ, ఊ, ఒ, ఓ మరొకటి. ఒక జట్టు అచ్చుకి ఇంకో జట్టుతో పొత్తు లేదు.

షాంబర్గ్ నుంచి

'చలికి మొద్దులైన చర్మము చెమరింప' అంటే?

నిర్వాహకుడు

యతి కుదిరింది గానీ చేతులు పోయాయి. ఆ పద్యానికి ప్రాణం చేతులే. 'వేళ్లు మొద్దులైన వేళలో చెమరింప' అందాం. వేళ్లు మిగిలాయి, యతీ నిలిచింది.

నోవై నుంచి డాక్టరు

పద్యం చదివి సంతోషించాను, డాక్టరుగా భయమూ వేసింది. తడిమంచు ఎత్తడం చాలా పెద్ద వ్యాయామం. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండె మీద భారం పెరుగుతుంది. యాభై దాటినవాళ్లు, ఫ్లూ నుంచి ఇప్పుడే లేచినవాళ్లు పార జోలికి పోవద్దు. తప్పదంటే కొంచెం కొంచెం తోసుకుంటూ, మధ్యలో లోపలికి వచ్చి కూర్చుంటూ చేయండి. ఛాతీలో నొప్పి, ఎడమచెయ్యి లాగడం, ఆయాసం ఉంటే పార అక్కడే పడేసి 911కి ఫోన్ చేయండి.

కొలంబస్ (ఒహాయో) నుంచి

పద్యం రాయడం ఇదే మొదలు. పెద్దలు దిద్దాలి.

రెండు పూటలైన రెస్టు తీసుకొనక
పనుల జొచ్చినాడ పదిలమనుచు
మరునాడు మళ్లీ జ్వరమొచ్చి పడగొట్టె
మంచు కురిసి మేను మరిగిపోయె

విజయవాడ నుంచి తెలుగు మాస్టారు

శభాష్ తమ్ముడూ! మొదటి రెండు పాదాలు వంక పెట్టడానికి లేవు. 'పనుల జొచ్చినాడ' చక్కటి పలుకుబడి. మూడో పాదం మొదట్లోనే గణం తప్పింది: 'మరునా' అంటే రెండు లఘువులు, ఒక గురువు. సూర్యగణం కావాలంటే మూడు లఘువులైనా ఉండాలి, గురువు లఘువు అయినా ఉండాలి. 'మందు దిగిన పిదప మరునాడె జ్వరమెక్క' అని మార్చుకో. నువ్వు చెప్పదలచుకున్నది పోలేదు, అసలు కారణం కూడా అందులోకి వచ్చింది.

కొలంబస్ నుంచి

చాలా థాంక్స్ మాస్టారూ. నిజానికి జరిగింది కూడా అదే. మాత్ర వేసుకోగానే ఒళ్లు తేలికపడింది, తగ్గిపోయిందనుకుని కారు మీది మంచు దులిపి బజారుకి వెళ్లొచ్చాను. 'రెస్టు' అన్న మాట పద్యంలో ఉండొచ్చా అని టెన్షన్ పడ్డాను.

నిర్వాహకుడు

ఉండనివ్వు. 'విశ్రాంతి' అని రాస్తే నువ్వు మాట్లాడినట్టు ఉండదు.

నోవై నుంచి డాక్టరు

ఈ పద్యాన్ని మా క్లినిక్‌లో గోడకి అంటించాలనిపిస్తోంది. మాత్ర పని చేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. జ్వరం మాత్ర లేకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉంటే అప్పుడు బయటికి వెళ్లండి, పిల్లల్ని బడికి పంపండి. ఇంకో జాగ్రత్త: ఊరి నుంచి తెచ్చుకున్న డోలో, ఇక్కడి టైలెనాల్ రెండూ ఒకటే పారాసిటమాల్. జలుబు సిరప్పుల్లో కూడా చాలావాటిలో అదే ఉంటుంది. తెలియక రెండు మూడు కలిపి వేసుకుంటున్నారు. పెద్దవాళ్లకి రోజంతటికీ 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. ఫ్లూకి వాడే టామిఫ్లూ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పని చేస్తుంది. అందుకని 'రేపు చూద్దాం' అనకండి.

టొరంటో నుంచి

అల్లముంచి కాచి యమ్మ యిచ్చిన చారు
మిరియమెక్కువైన మిగులలేదు
దాని రుచినె కోరి తహతహలాడుచు
మంచు కురిసి మేను మరిగిపోయె

షాంబర్గ్ నుంచి

అక్కయ్యా, జ్వరం తగ్గించే చారు తాగితే ఒళ్లు మరగడమేమిటి? అర్థం కాలేదు.

టొరంటో నుంచి

రుచి మరగడం అంటాం కదా తమ్ముడూ, అలా మరిగింది! అమ్మ మా దగ్గరికి వచ్చి ఉంది. జ్వరం వచ్చాక నోరంతా చేదు, ఏం పెట్టినా మట్టి తిన్నట్టే. అమ్మ మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, చింతపండు పులుసు పలచగా తీసి కాచింది. స్టీలు గ్లాసు చేతికి కాలుతుంటే కొంగు చుట్టి పట్టుకున్నాను. మొదటి గుక్కకి గొంతు మండింది, ముక్కు వదిలింది, రెండో గుక్కకి ఉప్పు తెలిసింది. నాలుక మీద మళ్లీ రుచి తెలిసిన ఆ ఘడియ మాటల్లో చెప్పలేను. అప్పటి నుంచి పూటపూటకీ అదే కావాలని అమ్మ ప్రాణం తోడేస్తున్నాను.

విజయవాడ నుంచి తెలుగు మాస్టారు

ఆహా! సమస్యలోని విరోధాన్ని విరోధంగానే ఉంచక, మాటని పక్కకి తిప్పి కొట్టారు. 'కాచి యమ్మ' అని యడాగమం (అచ్చుల మధ్య 'య' చేర్చడం) వేయడం, దానితో 'అ'కి యతి కుదర్చడం చూశారా? ఊరికే రాయలేదు ఈవిడ.

నిర్వాహకుడు

నాకు బాగా నచ్చిన పూరణ. ఒక్క లోటు చెప్పాలి. మంచుకీ చారుకీ లంకె పద్యంలో లేదు. ఇల్లు కదలలేక చారుతోనే కాలం గడిచిందని చదివేవాళ్లే ఊహించుకోవాలి. ఇక్కడున్నవాళ్లం ఊహించుకోగలం, మంచు చూడనివాళ్లకి అందదు.

బోస్టన్ నుంచి

బడికి సెలవిచ్చి ఇంటి నుంచే క్లాసులు పెట్టారు. మా అమ్మాయి దుప్పట్లో కూర్చుని టీచరుకి జవాబులు చెబుతుంటే తోచింది.

ఏమి జరిగి నేల యెల్ల తెల్లగ మారె?
జ్వరము తాకినపుడు జరుగునేమి?
ఒజ్జ యడుగ రెంటి కొక్కటే బదులాయె
మంచు కురిసి, మేను మరిగిపోయె

నిర్వాహకుడు

ప్రశ్నలకి వరసగా జవాబులు చెప్పే క్రమాలంకారం, పాత దారే అయినా శుభ్రంగా నడిచింది. రెండో ప్రశ్న 'జరుగునేమి' అని, జవాబు 'మరిగిపోయె' అని కాలం పొసగలేదు. 'జరిగెనేమి' అంటే సరిపోతుంది.

కాకినాడ నుంచి

నేనెప్పుడూ మంచు చూడలేదు బాబూ, వీడియో కాల్‌లో తప్ప. మా అబ్బాయి అక్కడ ఒంటరిగా ఉంటాడు. జ్వరమని ఒక మెసేజ్ పెట్టి ఫోను ఎత్తలేదు. ఇక్కడ పగలు వాడికి రాత్రి. వార్తల్లో కార్లన్నీ మంచులో కూరుకుపోయి కనిపిస్తున్నాయి. మర్నాడు ఫోను చేసి 'నిద్రపోయానమ్మా, జావ తాగాను' అన్నాడు. అప్పుడు రాసుకున్నది.

బిడ్డ పలుకడాయె, బెంగతో నొక తల్లి
గడప దిగక ఫోను గట్టి పట్టె
అచట జ్వరము బిడ్డ, కమ్మకో యిచ్చోట
మంచు కురిసి మేను మరిగిపోయె

విజయవాడ నుంచి తెలుగు మాస్టారు

అమ్మా, నమస్కారం. కారణం ఒకచోట ఉండి దాని ఫలితం ఇంకోచోట కనిపిస్తే అసంగతి అలంకారం అంటారు. మంచు అమెరికాలో కురిసింది, ఒళ్లు కాకినాడలో మరిగింది. ఇంత సహజంగా కుదిరిన అసంగతి ఈ మధ్య చదవలేదు.

ఎడిసన్ నుంచి

ఇది చదివి వెంటనే అమ్మకి ఫోను చేశాను. ఒంట్లో బాగాలేకపోతే చెప్పకుండా దాచే అలవాటు నాది.

నోవై నుంచి డాక్టరు

అమ్మా, అబ్బాయికి చెప్పండి: ఒంటరిగా ఉన్నవాళ్లు జ్వరం వచ్చిన మొదటిరోజే పక్కవాళ్లకో స్నేహితుడికో తాళంచెవి ఇచ్చి ఉంచాలి. మంచినీళ్లు, మజ్జిగ, జావ గంట గంటకీ తాగాలి. మూత్రం ముదురు రంగులో వస్తే నీళ్లు చాలడం లేదని గుర్తు.

నిర్వాహకుడు

ఈ వారానికి నా ఓటు కాకినాడ అమ్మకే. నేనడిగిన లంకె అందరికన్నా గట్టిగా వేసిందావిడే. మంచుకీ మేనికీ మధ్య వేల మైళ్ల దూరం పెట్టి మరీ కలిపారు. 'గడప దిగక' అన్న రెండు మాటల్లో ఆ రోజంతా కనిపించింది. ఆ తర్వాత స్థానం ఎడిసన్ వారి పెద్దయ్యది, దిద్దిన మూడో పాదంతో. టొరంటో అక్కయ్య చారు అందరికీ నోరూరించింది. కొలంబస్ తమ్ముడు మొదటి పద్యానికే యతి తప్పకుండా రాశాడు, వచ్చే వారం కూడా తప్పక రావాలి.

వచ్చే వారం సమస్య తేటగీతి పాదం. పండుగ రోజులు, సగం మంది పథ్యంలో ఉన్నాం కాబట్టి:

పథ్యమున్నట్టి వారికే పండుగాయె

కొలంబస్ నుంచి

తేటగీతి గణాలు కూడా ఒకసారి చెప్పరా, అన్నా?

నిర్వాహకుడు

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగు పాదాలకీ ఇదే లెక్క. యతి మొదటి గణానికీ నాలుగో గణానికీ. ముందు జ్వరం పూర్తిగా తగ్గనివ్వు, ఆదివారం దాకా గడువుంది.