చెల్లె లగ్గానికి ఫొటోలు తీయాలి: లెన్స్ కొనాలా, ఫ్లాష్ కొనాలా?

కాజీపేట_జంక్షన్:
వచ్చే నెల హన్మకొండలో మా చిన్నమ్మ బిడ్డ లగ్గం. ఫొటోలకు, వీడియోకు వాళ్లు వేరే మనుషులను మాట్లాడుకున్నారు, నేను తీసేది సరదాకే. కానీ "మా వాని దగ్గర పెద్ద కెమెరా ఉంది" అని చిన్నమ్మ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది, అదీ టెన్షన్. నా దగ్గరున్నది కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55, 55-250 జూమ్ లెన్సులు. ఫంక్షన్ హాల్ లైట్ల కింద వీటితో తీస్తే మనిషి కొంచెం కదిలినా ఫొటో అలుక్కుపోతోంది. ముహూర్తం పగలే, బరాత్ మాత్రం రాత్రి. 15 వేల దాకా పెట్టగలను. జూమ్ లేని 50 ఎంఎం 1.8 లెన్స్ తీసుకోనా, ఫ్లాష్ తీసుకోనా, లేకపోతే ఇది అమ్మేసి పాత మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం ఉండని రకం) చూడనా?

పరకాల_పిల్లగాడు:
బాడీ, అంటే కెమెరా జోలికి పోకు అన్నా, చేతికి అలవాటైన బటన్లు లగ్గం ముందర మార్చుకుంటే చీకట్లో వెతుక్కోవాల్సి వస్తది. 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం తీసుకో. నీ 18-55ను 55 దగ్గర పెడితే 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటది), 1.8 అంటే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు. ఇప్పుడు సెకనులో 1/20 షట్టర్‌లో వచ్చే ఫొటో అదే ఐఎస్‌ఓలో (వెలుతురుకు కెమెరా సెన్సిటివిటీ) 1/200లో వస్తది. తేడా అంతా అక్కడే.

తలంబ్రాలు:
50 మంచిదే కానీ 1500డి సెన్సర్ చిన్నది కాబట్టి దాని మీద అది 80 ఎంఎం లెక్క, అంటే ఇంకా దగ్గరగా, పడుతుంది, మండపం ముందు అంత వెనక్కి జరిగే జాగా ఎవరిస్తారు? జీలకర్ర బెల్లం పెట్టే టైముకు ముందు వరుసలో ఫొటోగ్రాఫర్, వీడియో ఆయన, ఇద్దరు మేనమామలు, పది ఫోన్లు ఉంటాయి. కెనాన్ 24 ఎంఎం 2.8 పాన్‌కేక్ (పలుచటి లెన్స్) చూడండి. కొనే ముందు ఒక పూట మీ 18-55ను 24 దగ్గర, ఇంకో పూట 50 దగ్గర కదలకుండా ఉంచి ఇంట్లో వాళ్లను తీయండి, మీకు ఏది కావాలో అదే తెలిసిపోతుంది.

చౌరస్తా_స్టూడియో:
లగ్గాలు తీయడమే నా పని కాబట్టి చెబుతున్నా. 24 చిన్నగా ముద్దుగా ఉంటుంది, కానీ 18-55 కూడా 24 దగ్గర 4 వరకు తెరుచుకుంటుంది, అంటే మీకు కలిసొచ్చేది రెట్టింపు వెలుతురే. అందుకని మండపం మొత్తం రావాలంటే ఉన్న లెన్స్ చాలు, డబ్బులు 50 మీదే పెట్టండి. దాన్ని కూడా ఎప్పుడూ 1.8లో ఉంచొద్దు, దగ్గర నుంచి తీస్తే పిల్ల ముఖం షార్ప్‌గా వచ్చి పిల్లగాని ముఖం మసకబడుతుంది. ఇద్దరున్నప్పుడు 2.8కో 3.5కో రండి. తలంబ్రాల దగ్గర షట్టర్ 1/250 కంటే తగ్గనీయకండి, ఐఎస్‌ఓ 3200 అయినా పర్లేదు, కొంచెం గ్రెయిన్ (ఫొటో మీద సన్న చుక్కలు) ఉందని ఏ చుట్టమూ అడగడు, కదిలితే మాత్రం అడుగుతారు.

ఫ్లాష్ కొనాలనుకుంటే ముందు మీ కెమెరా పైన హాట్ షూ (ఫ్లాష్ బిగించే చోటు) చూడండి. 1500డికి దాని నడుమ పిన్ ఉండదు, ఆ పిన్ మీదే ఆధారపడే చవక ఫ్లాష్‌లు అసలు వెలగవు. కెమెరాకు పెట్టి చూడకుండా డబ్బులివ్వకండి. పైకప్పుకు కొట్టి వెలుతురు దించుదామన్నా రంగుల షామియానా కింద ముఖాలకు ఆ రంగే అంటుకుంటుంది.

ఇంకొకటి, మనసులో పెట్టుకోకండి: పుస్తె కట్టేటప్పుడు ముందుకు రాకండి. ఆ ఫొటో మేం తీస్తాం, డబ్బులు తీసుకున్నది అందుకే. మాకు దొరకనివి వేరే ఉంటాయి. ఎదుర్కోళ్లలో పరాచికాలాడే వదినలు, వంటల దగ్గర చేరిన పెద్దోళ్లు, అప్పగింతలప్పుడు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకునే మేనమామ. మీరు ఇంటి మనిషి, మిమ్మల్ని చూసి ఎవరూ సర్దుకుని కూర్చోరు.

కాజీపేట_జంక్షన్:
50 ఖాయం చేసిన. ఇక బరాత్ ఒక్కటే డౌటు. డీజే బండి లైట్లు తప్ప ఏముండవు కదా?

పరకాల_పిల్లగాడు:
బరాత్‌కు 18-55 పెట్టి కెమెరాలో ఉన్న ఫ్లాషే లేపు అన్నా, మాన్యువల్‌లో షట్టర్ 1/15. ఎగిరేటోళ్లు ఫ్లాష్‌కు ఆగిపోతరు, వెనక లైట్లు గీతలు గీతలు వస్తయి, మస్తుంటది. ఇంకో బ్యాటరీ జేబులో పెట్టుకో.

చౌరస్తా_స్టూడియో:
బ్యాటరీతో పాటు ఇంకో కార్డు కూడా. 1500డిలో పట్టేది ఒకటే, బరాత్ మొదలయ్యే ముందు పగటి ఫొటోల కార్డు తీసి ఇంట్లో ఇచ్చేయండి.