బొటనవేలు పోయిన లైన్‌మన్‌కు పరిహారం 30 శాతం లెక్కనేనా? తెలిసినవాళ్లు చెప్పండి

మా బావగారు బెంగళూరులో ఒక ప్రభుత్వ సంస్థకు కాంట్రాక్టు లైన్‌మన్. డ్యూటీలో షాక్ కొట్టి కుడిచేతి బొటనవేలు తీసేయాల్సొచ్చింది. కటింగ్ ప్లేయర్ పట్టుకుంటే జారిపోతోంది, చొక్కా గుండీలు కూడా మా అక్కే పెడుతోంది. ఈఎస్ఐ కట్టలేదు. ఆఫీసేమో కాంట్రాక్టరునడగమంటోంది, ఆయన ఫోనెత్తడు. 1923 ఉద్యోగుల పరిహార చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది) 12వ సెక్షన్ కింద పని చేయించుకున్న సంస్థనే అడగొచ్చని ఉండేది కదండీ! ఆ చట్టం షెడ్యూలులో (గాయాల పట్టికలో) బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతమే పోయినట్టు రాశారు. కానీ ఎడమచెయ్యి పోయిన ఒక వడ్రంగికి సుప్రీంకోర్టు నూరు శాతం ఒప్పుకుంది. స్తంభమెక్కి బతికే మనిషికి 30 ఏం న్యాయం? రెండేళ్ల గడువు దాటకముందే కేసు వేయాలి. ఇలాంటిది నడిపినవాళ్లున్నారా? డాక్టరు సర్టిఫికెట్లో ఏమేం రాయించుకోవాలి? అక్కకు కన్నడ చదవడం రాదు, తెలుగొచ్చిన లాయరుంటే చెప్పండి, పుణ్యముంటుంది.